నడక మానేసి బరువులెత్తితే పొట్ట తగ్గుతుందా? పాలకొల్లు తమ్ముడికి నా జవాబు

ముందు మీరడిగింది నాకెలా అర్థమైందో చెప్తానండి, తేడా ఉంటే సరిదిద్దండి. మీ వయసు 41, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. పాలకొల్లు దగ్గర రొయ్యల మేత కొట్టు, దానికి తోడు నాలుగెకరాల చెరువు. పగలంతా కుర్చీలోనే పని. ఐదు నెలలుగా రోజూ తెల్లారి గంటసేపు కాలవ గట్టు మీద నడుస్తున్నారు. రాత్రి అన్నం మానేసి రెండిడ్లీలో, కాస్త ఉప్మానో తింటున్నారు. 88 కేజీల నుంచి 82కి వచ్చి నెలన్నరగా అక్కడే ఆగిపోయారు. నడుము మాత్రం 41 అంగుళాల నుంచి 40కే దిగింది. మొహం పీక్కుపోయింది, భుజాలు వాలిపోయాయి, ఇంటికొచ్చినవాళ్ళు "సుగరేమైనా వచ్చిందా" అని అడుగుతున్నారు. పొట్ట చూస్తే ఎక్కడిదక్కడే. ఇంతలో జిమ్ములో ఒక కుర్రాడు "కార్డియో కండని తినేస్తుంది, ఆ నడక మానేసి బరువులెత్తండి, కండ పెరిగితే పడుకున్నా కొవ్వు కరుగుతుంది" అన్నాడు. కార్డియో అంటే నడక, పరుగు లాంటి, గుండె వేగం పెంచే వ్యాయామం. అది నిజమా, మీ ఆవిడ కూడా చేయొచ్చా అని మీ ప్రశ్న.

బరువులెత్తమన్న ఆ కుర్రాడి సలహా మంచిదే, చెప్పిన కారణం మాత్రం తప్పు. కారణం తప్పైతే ఏం పోయిందిలే అనుకోకండి. ఆ మాట నమ్మి రేపట్నుంచి బరువులెత్తుతూ కంచం సంగతి వదిలేస్తే, ఆర్నెల్ల తర్వాత భుజాలు గట్టిపడతాయి గానీ పొట్ట ఇంతే ఉంటుంది. నేను పదిహేనేళ్ళుగా భీమవరం పక్కన ఒక చిన్న జిమ్ములో నేర్పుతున్నాను. అలా నిరాశపడి మానేసినవాళ్ళని చాలామందిని చూశాను.

ఆ కండ లెక్క ముందు తేల్చేద్దాం. ఊరికే కూర్చున్నప్పుడు కేజీ కండ రోజుకి ఖర్చుపెట్టేది సుమారు 13 కేలరీలు, కేజీ కొవ్వైతే నాలుగున్నర. మీరు ఏడాదంతా కష్టపడి 3 కేజీల కండ పెంచారనుకుందాం, నలభై దాటాక అది చాలా గొప్ప ఫలితం. దానివల్ల రోజుకి అదనంగా కరిగేది 40 కేలరీలు. అంటే రెండు చెంచాల పంచదార, మీరు ఒక టీలో వేసుకునేంత. పడుకున్నా కొవ్వు కరగడమంటే ఇంతేనండి. పోనీ ఎత్తే గంటలో బాగా ఖర్చవుతుందా అంటే, సెట్టుకీ సెట్టుకీ (వరసగా కొన్నిసార్లు ఎత్తి ఆపితే ఒక సెట్టు) మధ్య రెండేసి నిమిషాలు ఆగుతాం కాబట్టి అది చురుకైన నడకని మించి పెద్దగా ఉండదు. ఆ తర్వాత గంటల తరబడి ఒళ్ళు వేడిగా ఉండి కొవ్వు కరుగుతుందంటారే, అదీ ఉంది గానీ చాలా కొంచెం.

మరి నడక లెక్క? 82 కేజీల మనిషి గంటకి 5 కిలోమీటర్ల చొప్పున నడిస్తే, కూర్చున్నా ఎలాగూ అయ్యే ఖర్చు తీసేయగా, మిగిలేది 200 కేలరీలు. కేజీ కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. అంటే ఒక్క కేజీకి 38 రోజుల నడక. ఆ 200 కేలరీలు 150 గ్రాముల అన్నంలో తిరిగొచ్చేస్తాయి, మీ ఇంట్లో పెద్ద హస్తంతో ఒకసారి వడ్డిస్తే దాదాపు అంతే పడుతుంది. నడక చెడ్డదని కాదు నా ఉద్దేశం. నడకైనా బరువులైనా, వ్యాయామం ఒక్కటే కొవ్వుని కరిగించేస్తుందన్న నమ్మకంతో మొదలెడితే మోసపోతామని.

పరిశోధనలూ ఈ మాటే చెప్తున్నాయి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు తిండి జోలికి పోకుండా కొందరి చేత ఎనిమిది నెలలు కార్డియో ఒక్కటే, కొందరి చేత బరువులు ఒక్కటే, ఇంకొందరి చేత రెండూ చేయించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. కొవ్వు ఎక్కువ తగ్గింది కార్డియో చేసినవాళ్ళకే. బరువులు ఒక్కటే చేసినవాళ్ళకి కండ పెరిగింది గానీ కొవ్వు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. బరువులు నేర్పి బతికేవాణ్ణి నేను, అయినా ఈ మాట దాచిపెట్టను.

అయితే బరువులెందుకు చేయమంటున్నానంటే, తిండి తగ్గించినప్పుడు ఒంట్లోంచి ఏది పోవాలో నిర్ణయించేది అవే కాబట్టి. తక్కువ తింటే శరీరం ఎక్కడోచోట నుంచి లోటు పూడ్చుకోవాలి కదా. కొవ్వొక్కటే తీసుకోదు, కండ కూడా తీస్తుంది. బరువైన పని చెప్పకుండా తిండి తగ్గించేవాళ్ళు దిగే ప్రతి 4 కేజీల్లో సుమారు ఒక కేజీ కొవ్వు కానిదే ఉంటుంది. వారానికి మూడుసార్లు గట్టిగా బరువు మోయించారనుకోండి, ఆ కండ అవసరమని శరీరానికి తెలుస్తుంది, దాన్ని అంత సులువుగా వదులుకోదు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశీలన ఇందుకు మంచి రుజువు. 65 దాటిన 160 మంది ఊబకాయుల్ని తీసుకుని, వ్యాయామం చేయించిన గుంపులన్నిటికీ తిండి తగ్గించారు. ఆర్నెల్లకి మూడు గుంపులవాళ్ళూ సమానంగా 9 శాతం దాకా తగ్గారు. తూకంలో తేడాయే లేదు. కానీ కార్డియో వాళ్ళకి కండ భాగం 5 శాతం పోతే, బరువులవాళ్ళకి 2 శాతమే పోయింది, రెండూ చేసినవాళ్ళకి 3 శాతం. లేవడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పనుల పరీక్షలో అందరికంటే ముందున్నది మాత్రం రెండూ చేసినవాళ్ళే.

ఇప్పుడు మీ ఒంటి లెక్క చూడండి. 6 కేజీలు దిగితే మామూలుగా నడుము రెండు రెండున్నర అంగుళాలు తగ్గాలి. మీకు తగ్గింది ఒకటే. ఆ మిగతాది మీ భుజాల్లోంచి, తొడల్లోంచి పోయిందని నా అనుమానం. మొహం పీక్కుపోవడం, ఇంటికొచ్చినవాళ్ళ ప్రశ్నలు, అన్నీ దానికి సరిపోతున్నాయి.

ఇది నాకూ జరిగింది. 34 ఏళ్ళప్పుడు నా బరువు 91. అంచు మీదకొచ్చిన సుగరు చూసి భయపడి తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి గట్టు మీద పరుగు మొదలెట్టాను. మధ్యాహ్నం కాస్త మజ్జిగన్నం, రాత్రి రెండు పుల్కాలు. ఏడు నెలల్లో 76కి వచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడు సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఖాళీ అయిన గ్యాస్ బండ తీసి నిండుది పెట్టమంది. గుమ్మం దాకా తీసుకెళ్ళేసరికి నా చేతులు వణికాయి, మధ్యలో దించేశాను. అరవై దాటిన మా అమ్మ వచ్చి ఒక పక్క పట్టుకుంది. ఆ రోజు ఆవిడ మొహంలో కనపడిన బెంగ నాకింకా గుర్తుంది. పరుగు ఎన్నాళ్ళో సాగలేదు, మోకాలు పట్టేసింది. ఏడాదిన్నరలో మళ్ళీ 88 అయ్యాను, కానీ ఈసారి నడుము అదివరకటి 91 నాటి కంటే పెద్దది. ఎందుకంటే పోయినప్పుడు కండా కొవ్వూ కలిసి పోయాయి, తిరిగొచ్చినప్పుడు కొవ్వే వచ్చింది. తక్కువ తిని, బరువు ఎత్తకుండా తగ్గేవాళ్ళందరికీ పొంచి ఉన్న ప్రమాదం ఇదేనండి. అందుకే మీ ప్రశ్న చదవగానే ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది.

మన ప్రాంతం వాళ్ళకి ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. సన్నటి కాళ్ళు చేతులు, మధ్యలో పొట్ట, ఇది మన దేశంలో చాలామంది శరీర తత్వం. అంతే బరువున్న తెల్లవాళ్ళతో పోలిస్తే మనకి కండ తక్కువ, లోపలి కొవ్వు ఎక్కువ. అంచేతే మనకి నడుము హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 అని పెట్టారు. మీ 40 అంగుళాలంటే 101 దాటిందన్నమాట. మన తాతల తరంలో ఈ లోటు పని వల్ల కనపడలేదు. 75 కేజీల ధాన్యం బస్తా వీపు మీద మోసేవారు, కావిడి వేసేవారు, ఊడుపుల్లో రోజంతా వంగేవారు, కొబ్బరి దింపులకి చెట్టు చెట్టూ ఎక్కేవారు. ఊరూరా తాలింఖానాలనే వ్యాయామశాలలుండేవి, కుర్రాళ్ళు దండీలు బస్కీలు తీసేవారు. దసరాకి అమలాపురంలో చెడీ తాలింఖానా, అంటే కత్తులు కర్రలతో చేసే విన్యాసం, ఇప్పటికీ ఆడుతున్నారు కదా, ఆ విన్యాసం చేసే పెద్దాయనల ముంజేతులు ఈసారి దగ్గర్నుంచి చూడండి. ఇప్పుడు కోత మిషను కోస్తోంది, మనం గట్టు మీద ఫోను పట్టుకుని నిలబడుతున్నాం. తిండి మాత్రం బస్తాలు మోసిన నాటిదే.

తిండి దగ్గరికి వద్దాం, మీ పని సగం పైగా ఇక్కడే ఉంది.

మీరు రాసిన దాన్నిబట్టి పొద్దున్న ఇడ్లీయో అట్టో, మధ్యాహ్నం నిండుగా అన్నం, పప్పు, ఒక వేపుడు, ఆవకాయ, పెరుగు, రాత్రి రెండిడ్లీలు. ఒక ఇడ్లీలో మాంసకృత్తులు, అదే ప్రొటీను, సుమారు 2 గ్రాములు. రోజంతా కలిపినా మీకు 45, 50 గ్రాములు మించి అందడం లేదు. మామూలు మనిషికి కేజీ బరువుకి 0.83 గ్రాములు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మీకు అదీ అందట్లేదు. కొవ్వు తగ్గుతూ కండ నిలవాలంటే కేజీకి 1.6 గ్రాముల దాకా కావాలి. మీరు చేరాలనుకునే 72 కేజీలకి లెక్కేసుకుంటే 115 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరు గారు చెప్పిందే ప్రమాణం, ఈ అంకె పట్టుకోవద్దు.

115 అనగానే పౌడరు డబ్బా గుర్తొస్తుంది అందరికీ. మనం చేపల మధ్య బతుకుతున్నామండీ! శీలావతి గానీ బొచ్చె గానీ 200 గ్రాముల ముక్కల్లో 35 గ్రాముల ప్రొటీను ఉంటుంది. రొయ్యలూ అంతే. మీ చెరువులో పట్టుబడి అయిన రోజున ఇంటికి రెండు కేజీలు వస్తే, ఆ వారం మీకు ఏ డబ్బా అక్కర్లేదు. పొద్దున్న 60 గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుంటే 14 గ్రాములు, పక్కన మూడు గుడ్లకి 18. ఉప్మా మాత్రం దాని లోపల పెట్టకండి. మధ్యాహ్నం చేపల పులుసు, 35. రాత్రి ఇడ్లీ బదులు 150 గ్రాముల కోడి కూర, 33. పప్పు, పాలు, పెరుగు కలిసి మిగతాది పూడుతుంది. చేపలు పులుసైతే మంచిది, వేపుడైతే నూనె లెక్క చూసుకోవాలి. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. మన ఇళ్ళల్లో వేపుడు మూకుడులో అలాంటివి ఎన్ని చెంచాలు పోస్తారో ఒక రోజు వంటింట్లో నిలబడి చూడండి. నా దగ్గరికొచ్చేవాళ్ళకి ఎక్కడ ఆగిపోయామో తెలియని చోటు చాలాసార్లు ఆ మూకుడే. కొబ్బరీ అంతే. మన కోనసీమ కొబ్బరి నాకు ప్రాణం, కానీ 100 గ్రాముల పచ్చికొబ్బరిలో 350 కేలరీలు ఉన్నాయి. పచ్చడి కొబ్బరిదైతే ఆ రోజు కూరలో కొబ్బరి వద్దు, అంతే.

శాకాహారం రోజుల్లో 50 గ్రాముల మీల్ మేకరు, తూకం నానబెట్టక ముందుది, 26 గ్రాములు ఇస్తుంది. 100 గ్రాముల పనీరు 18 ఇస్తుంది గానీ కొవ్వూ తెస్తుంది. వేరుసెనగ గుప్పెళ్ళకొద్దీ తింటే ప్రొటీను కోసమని చెప్పుకుంటూ కొవ్వు తింటున్నట్టే.

అన్నం మానమని చెప్పను. మానేస్తే మన వాళ్ళు మూడు వారాలు ఉంటారు, నాలుగో వారం పండగొస్తుంది. కంచంలో ముందు కూర, పప్పు, చేప పెట్టుకుని, తర్వాత అన్నం వడ్డించుకోండి. మనం చేసేది తిరగేసి. మధ్యాహ్నం ఇప్పుడు తింటున్నదాన్లో మూడో వంతు తగ్గితే చాలు. రాత్రి ఒక గరిటెడు తినొచ్చు, తప్పేం లేదు. పూతరేకులు ఇంటికొస్తే ఒకటి తినండి, పెట్టె గదిలో పెట్టుకోకండి.

వారానికి 400 గ్రాములు తగ్గితే సరైన వేగం. అంతకు రెట్టింపు తగ్గుతుంటే సంతోషపడకండి, తిండి మరీ తక్కువైందని అర్థం.

బరువుల సంగతికి వస్తే, వారానికి మూడు రోజులు, రోజుకి 45, 50 నిమిషాలు చాలు. సోమ బుధ శుక్రవారాలు అనుకోండి. ఛాతీకో రోజు, చేతులకో రోజు అని కుర్రాళ్ళు పంచుకునే పద్ధతి మీకొద్దు. మూడు రోజులూ ఒళ్ళంతా పని చేయాలి. డంబెల్ ఒకటి గుండెలకి హత్తుకుని స్క్వాట్, అంటే బరువుతో గుంజీలు. కూర్చుని డంబెల్ భుజాల పైకి తొయ్యడం. వంగి బరువు పొట్ట వైపు లాగడం. బెంచి మీద పడుకుని ఛాతీ మీంచి బరువు పైకి తొయ్యడం. డెడ్‌లిఫ్ట్, అంటే వంగి కిందున్న బరువు పట్టుకుని నిటారుగా లేవడం, మోకాలు కొద్దిగా వంచి చేసే రకం. చివర్లో రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మొదటి నెల రెండేసి సెట్లు, తర్వాత మూడేసి. సెట్టు ఆపేటప్పటికి ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించాలి, అంతకంటే తేలిగ్గా ఉంటే అది సరదా, అంతకంటే బరువైతే ఈ వయసులో దెబ్బ. 12 సార్లు శుభ్రంగా వచ్చిన రోజు రాసిపెట్టుకుని, తర్వాతిసారి రెండున్నర కేజీలు కలపండి. ఆ పుస్తకం చాలా ముఖ్యం. ఏడాది నుంచి అదే 5 కేజీల డంబెల్ ఊపుతున్నవాళ్ళు ప్రతి జిమ్ములో ఉంటారు. పెరగని బరువుకి కండ ఎందుకు నిలబడాలి?

డెడ్‌లిఫ్ట్ అంటే నడుము పోతుందని భయపడతారు. నాకు అది నేర్పింది ఏ కోచ్చో కాదు, మా ఊరి రైసు మిల్లులో బస్తాలు మోసే జట్టు పని చేసిన ఒక పెద్దాయన. అప్పటికే నాకు డంబెల్ పట్టడం వచ్చు, వంగడం మాత్రం రాలేదు. ఆయన బస్తా ముందు నిలబడే తీరు చూశాను. పాదాలు భుజాలంత ఎడం. ముందు తల దించడు, ముందు వెనక్కి వెళ్ళేది పిర్రలు, ఎవరో లుంగీ వెనక నుంచి పట్టి లాగినట్టు. వీపు బల్లలా ఉంటుంది. బస్తా చెవులు పట్టుకున్నాక ఒక్కక్షణం ఆగి, పొట్ట చుట్టూ తువ్వాలు బిగించినట్టు ఊపిరి నింపి బిగిస్తాడు. అప్పుడు నేలని కాళ్ళతో కిందికి తొక్కుతాడు, బస్తా దానంతటదే లేస్తుంది. "నడుంతో ఎత్తితే సాయంత్రానికి పడిపోతాం బాబూ, కాళ్ళతో ఎత్తాలి" అనేవాడు. మీరు ఇంట్లో ఇలా సాధన చేయండి. గోడకి వీపు పెట్టి, జానెడు ముందుకి జరిగి నిలబడండి. మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుము వంగకుండా పిర్రలు వెనక్కి తోసి గోడకి తాకించండి. తొడల వెనక లాగినట్టుండాలి. వస్తే, ఇంకో రెండంగుళాలు ముందుకి జరగండి. పది రోజులు ఖాళీ చేతులతో ఇదే, తర్వాతే బరువు.

బి.పి. ఉంటే ఊపిరి అలా బిగబట్టకండి, ఎత్తేటప్పుడు నోటితో వదలండి. మొదలెట్టే ముందు బి.పి., సుగరు, ఛాతీ నొప్పేమైనా ఉంటే గుండె పరీక్ష, ఇవి చూపించుకుని రండి. గజ్జల్లో వాపు కనిపిస్తే హెర్నియా కావచ్చు, అది చూపించుకున్నాకే బరువు పట్టండి. సుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళకి వ్యాయామం తర్వాత సుగరు బాగా పడిపోవచ్చు, అలాంటివాళ్ళు డాక్టరుతో మోతాదు మాట్లాడాలి.

నడక మానొద్దు. గుండెకి, లోపలి కొవ్వుకి అది చేసే మేలు బరువులు పూర్తిగా చేయలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి పని, దానికి తోడు కనీసం రెండు రోజులు కండకి పని. బరువులు లేని రోజుల్లో గట్టు మీద మీ గంట నడక అలాగే ఉంచండి, ఉన్న రోజుల్లో రాత్రి భోజనమయ్యాక పావుగంట వీధిలో తిరగండి, తిన్న తర్వాత పెరిగే సుగరు దాంతో బాగా అదుపులో ఉంటుంది. ఎప్పుడైనా టైము లేక ఒకటే చేయాల్సి వస్తే, తిండి తగ్గించి ఉన్న ఈ నెలల్లో, నేను బరువులకే ఓటేస్తాను. నడక ఒక వారం పోతే తర్వాత పట్టుకోవచ్చు, పోయిన కండ నలభై దాటాక తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇక్కడ మీ చెరువు మాట ఒకటి చెప్పాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని రెండింటికీ మూడింటికీ లేచి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకుంటారన్నారు. అందువల్ల నిద్ర ఐదు గంటలే అన్నారు. 2010లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు పది మందికి ఒకే తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, రెండు వారాలు ఐదున్నర గంటలు పడకలో ఉంచారు. బరువు రెండుసార్లూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. బాగా నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు 1.4 కేజీలు, నిద్ర తక్కువైనప్పుడు 0.6 మాత్రమే. మిగతాది కండ లాంటి కొవ్వు కాని భాగంలోంచి పోయింది. చిన్న పరిశీలనే, కానీ మీ ఒంటికి అచ్చంగా సరిపోతోంది. రోజు మార్చి రోజైనా ఆ కాపలా ఇంకొకరికి అప్పగించే మార్గం చూడండి. అది కుదరకపోతే మధ్యాహ్నం కొట్టు మూసిన గంటన్నర పడుకోండి, ఫోను చూస్తూ కూర్చోకండి.

పొట్ట కోసం పడుకుని లేచే వ్యాయామాలు రోజుకి వంద చేస్తున్నారని రాశారు. మానేయండి. ఏ కండకి పని చెప్తే ఆ పైనున్న కొవ్వే కరుగుతుందని ఎక్కడా లేదు. మగవాళ్ళకి పొట్ట మీద కొవ్వు ఎక్కువుంటుంది కాబట్టి అది పోయినట్టు కనపడ్డానికి చాలాకాలం పడుతుంది, అంతే. చెమట సంగతీ చెప్పాలి. మన డెల్టా ఉక్కపోతలో ఏప్రిల్లో కూర్చున్నా చెమట పడుతుంది. అది నీళ్ళు, కొవ్వు కాదు. ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని పరిగెత్తేవాళ్ళని చూసి మీరూ మొదలెట్టొద్దు, వడదెబ్బ తగులుతుంది. ఉప్పేసిన మజ్జిగ తాగండి.

మొదటి నెల తూకం చూసి కంగారు పడకండి. కొత్తగా బరువులెత్తినప్పుడు కండల్లో నీళ్ళు చేరతాయి, కేజీ కేజీన్నర పెరిగినట్టు చూపించొచ్చు. వారానికి ఒకసారి, పొద్దున్న పరగడుపున, మామూలుగా ఊపిరి వదిలి, బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. నా దగ్గర ఒకాయన, నరసాపురం నుంచి వచ్చేవారు, పదివారాల్లో కేజీన్నరే తగ్గారు, నడుము మాత్రం రెండున్నర అంగుళాలు దిగింది. ఆయన రెండో వారంలోనే మానేద్దామనుకున్నారు, టేపే ఆపింది.

పౌడర్ల గురించి క్లుప్తంగా. వే ప్రొటీను అంటే పాలవిరుగుడు నుంచి తీసింది, అవసరమైతే ఒక స్కూపు, ఆహార భద్రతా లైసెన్సు నంబరు చూసి కొనండి. క్రియాటిన్ అని కండకి బలమిచ్చే ఇంకో పొడి ఉంది, రోజుకి 3 నుంచి 5 గ్రాములు, మూత్రపిండాలు బాగున్నవాళ్ళకి మంచిదే, లేకపోయినా ఏం కాదు. కొవ్వు కరిగించే మాత్రలని అమ్మేవి కొనొద్దు. ఇక ఎవరైనా కండ పెంచే ఇంజెక్షన్ అని చెవిలో చెప్తే, ఆ జిమ్ముకి మళ్ళీ వెళ్ళకండి. ఈ మాట నేను చాలా బాధతో చెప్తున్నాను, మా చుట్టుపక్కల మంచి కుర్రాళ్ళు దాంతో చెడిపోవడం చూశాను.

మీ ఆవిడ గురించి అడిగారు. తప్పకుండా చేయాలి, మీకంటే ముందు చేయాలి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకి ఎముక వేగంగా పలచబడుతుంది, దానికి బరువు మోయడం మంచి మందు. మగరాయుడిలా అవుతానేమోనన్న భయం వదిలేయమనండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండెత్తులూ కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. అంతటి బరువులకి ఏళ్ళ తరబడి రోజూ గంటలకొద్దీ సాధన కావాలి. ఇంట్లో వారానికి మూడుసార్లు ఎత్తినంత మాత్రాన భుజాలు పెరిగిపోవు, మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుంది.

ఆవిడకి జిమ్ముకి రావడం మొహమాటమైతే ఇంట్లోనే మొదలెట్టొచ్చు. మంచినీళ్ళ టిన్ను ఉంటుంది కదా, 20 లీటర్లది. లీటరు నీళ్ళంటే కేజీ, అంచేత దీనంత సులువుగా కొలిచి పెంచుకునే బరువు ఇంకోటి లేదు. మొదటి వారం సగం పట్టండి, 10 కేజీలు. గోడ సాధన వచ్చాక రెండు చేతులతో పిడి పట్టుకుని, పిర్రలు వెనక్కి తోసి ఎత్తి దించడం, పదిసార్లు. తర్వాత అదే టిన్ను ఒక చేత్తో పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి, చెయ్యి మార్చి వెనక్కి. భుజం ఒక పక్కకి ఒరగకూడదు. వారానికి ఒక లీటరు కలుపుతూ పోండి. మూత గట్టిగా బిగించండి, గచ్చు మీద నీళ్ళు పడితే జారిపోతారు.